మా 13 ఏళ్ళ కుక్క మల్లికి స్ప్లీన్ ఆపరేషన్: డబ్బు సాయం ఎలా అడగాలి?

మల్లివాళ్ళమ్మ:

అందరికీ నమస్కారం. మా మల్లికి 13 ఏళ్ళు దాటాయి. జాతి కుక్క కాదు, వీధిలో పుట్టిన పిల్లే. 18 కిలోలుంటుంది. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. చెవుడొచ్చి చాలాకాలమైంది. అయినా నేను ఇంట్లోకి అడుగు పెడితే నేల అదురుకే లేచి వచ్చేస్తుంది.

ఈమధ్య నడకకి తీసుకెళ్తే సగం దారిలో కూర్చుండిపోతోంది. వయసు మీదపడింది, అంతే అన్నారు ఇంట్లో. నా మనసొప్పక తీసుకెళ్ళి చూపించాను. డాక్టరుగారు పొట్ట తడిమి చూసి వెంటనే స్కాన్ చేశారు. స్ప్లీన్ (పొట్టలో ఉండే ప్లీహం) మీద గడ్డ ఉంది, 6 సెంటీమీటర్లు. ఇంకా పగల్లేదు, పొట్టలో రక్తం చేరలేదు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కిడ్నీ, లివర్ పరీక్షలు కూడా వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారు. స్ప్లీన్ మొత్తం తీసెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిదన్నారు. ఆ గడ్డ మంచిదో చెడ్డదో తీసి ల్యాబ్‌కి పంపితేగానీ చెప్పలేమట.

అప్పట్నుంచీ రాత్రి పడుకోబోయే ముందు దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూస్తున్నాను. బొటనవేలితో నొక్కితే అక్కడ తెల్లబడుతుంది, వదలగానే మళ్ళీ గులాబీ రంగు రావాలని డాక్టరుగారు చూపించారు. ఆ రంగు తిరిగొచ్చేదాకా నాకు ఊపిరాడదు. అది మాత్రం పళ్ళు తోముతున్నాననుకుని ఓపిగ్గా నోరు తెరిచి పెడుతుంది.

ఇక డబ్బు సంగతి. ఆసుపత్రివాళ్ళు చెప్పిన మొత్తంలో సగానికి కొంచెం పైగా మేం సర్దుకోగలం. మిగతాది మా వల్ల కాదు. మా తమ్ముడు "ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగు అక్కా, తప్పేముంది" అంటున్నాడు. మా పెద్దమ్మ "మనుషులకే దిక్కులేదు, ముసలి కుక్కకి చందాలా" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, మల్లి అంటే ఆవిడకీ ఇష్టమే. కానీ ఆ మాట నన్ను వదలడంలేదు.

నా అనుమానాలు ఇవీ. అసలు అడగొచ్చా? అడిగితే ఏం రాయాలి, ఎంత చెప్పాలి? అన్నిటికంటే ముఖ్యంగా, తీరా ఆపరేషన్ అయ్యాక అది క్యాన్సరని తేలి, మల్లి కొన్ని నెలలకే వెళ్ళిపోతే, డబ్బిచ్చినవాళ్ళని మోసం చేసినట్టవుతుందా? ఇలాంటిది చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బూడిదమూతి:

మల్లివాళ్ళమ్మగారూ, అడగొచ్చు. మా లాబ్రడార్‌కి వెనకకాలి మోకాలి ఆపరేషన్‌కి మేం అడిగాం. అప్పటికి దానికి 11 ఏళ్ళు. ఇచ్చినవాళ్ళలో ఒక్కరు కూడా వయసు గురించి ఎత్తలేదు. వయసు గురించి మాట్లాడినవాళ్ళు ఇవ్వలేదు. ఇద్దరూ వేరువేరు మనుషులని అప్పుడే అర్థమైంది.

రాయడం మొదలుపెట్టే ముందు ఆసుపత్రి నుంచి ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. నోటిమాట పనికిరాదు. "ఇంత నుంచి ఇంత దాకా" అని తక్కువా ఎక్కువా రెండూ రాయించుకోండి, పై లెక్కనే లక్ష్యంగా పెట్టుకోండి. ఎస్టిమేట్‌లో ఏమేం కలిసి ఉన్నాయో ఒక్కొక్కటీ అడగండి. స్ప్లీన్ ఆపరేషన్లలో జనం మర్చిపోయేవి మూడున్నాయి: రక్తం ఎక్కించాల్సి వస్తే దాని ఖర్చు, ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో ఉంచుకునే ఖర్చు, తీసిన గడ్డని ల్యాబ్‌కి పంపే ఖర్చు. ల్యాబ్ బిల్లు చాలాచోట్ల వేరేగా వస్తుంది. ఒకసారి విరాళాలు అడిగి, సరిపోలేదని మళ్ళీ అడగడం చాలా కష్టం. రెండోసారి అడిగేటప్పటికి చదివేవాళ్ళ మనసులో ఏదో అనుమానం మొదలవుతుంది, మీ తప్పేమీ లేకపోయినా.

డబ్బు మీ ఖాతాకి కాకుండా ఆసుపత్రి ఖాతాకే నేరుగా వెళ్ళే దారి ఉందేమో అడగండి. మల్లి పేరు మీద జమ చేసుకుంటామంటే అంతకంటే మంచిది లేదు. తెలియనివాళ్ళు ధైర్యంగా ఇచ్చేది అలాంటప్పుడే. అలా కుదరకపోతే విరాళాల వెబ్‌సైటు ఏదైనా వాడుకోవచ్చు, కానీ పెట్టే ముందు రెండు సంగతులు చూసుకోండి. కొన్ని సైట్లలో లక్ష్యం పూర్తిగా చేరితేనే డబ్బు చేతికొస్తుంది, లేకపోతే ఇచ్చినవాళ్ళకే వెనక్కి వెళ్తుంది. మీకు అలాంటిది వద్దు, ఎంత చేరితే అంత ఇచ్చేది కావాలి. ఇంకోటి, సైటువాళ్ళు కొంత రుసుము పట్టుకుంటారు, పైగా డబ్బు మీ ఖాతాలో పడేసరికి కొన్ని రోజులవుతుంది. ఆసుపత్రిలో అడ్వాన్స్ ఆపరేషన్‌కి ముందే కట్టమంటారు. అందుకని మీ దగ్గరున్నది అడ్వాన్స్‌కి, వచ్చేది డిశ్చార్జ్ బిల్లుకి అని ముందే అనుకోండి.

ఎస్టిమేట్ ఫొటో పెట్టేటప్పుడు మీ ఫోన్ నంబరు, చిరునామా, సంతకం కనపడకుండా చెరిపెయ్యండి. మల్లి ఫొటో ఇప్పటిదే పెట్టండి. చిన్నప్పటి ఫొటో ముద్దుగానే ఉంటుంది, కానీ అడుగుతున్నది ఈ మల్లి కోసం కదా. నెరిసిన మూతి, వాలిన చెవీ కనపడనివ్వండి.

పోస్టు అందరికీ కనిపించేలా పెట్టేముందు, మల్లిని ఎరిగినవాళ్ళకి విడివిడిగా మెసేజ్ పెట్టండి. గ్రూపులో పడేసే మెసేజ్ ఎవరికీ చెందదు, చూసి పక్కకి జరిపేస్తారు. "అత్తా, నీ ఒళ్ళో పడుకునే మల్లి ఉంది కదా, దానికి ఇలా అయింది" అని ఒక్కరికి రాస్తే ఆ ఒక్కరూ చదువుతారు. మాకు తొలి విరాళాలు అన్నీ అలా వచ్చినవే. తెలిసినవాళ్ళు కొంత వేశాక తెలియనివాళ్ళు కూడా ముందుకొస్తారు.

పశువుల_డాక్టరమ్మ:

నేను చిన్న జంతువుల వైద్యం చేస్తాను. మల్లిని చూడలేదు కాబట్టి దాని గురించి తీర్పు చెప్పను, స్ప్లీన్ గడ్డల గురించి సాధారణంగా తెలిసింది చెప్తాను. మీరు మీ పోస్టులో నిజం రాయాలంటే ఇది మీకు తెలియాలి.

మాకు కాలేజీలో నేర్పిన లెక్క ఒకటుంది. కుక్కల స్ప్లీన్ గడ్డల్లో మూడింట రెండు వంతులు క్యాన్సర్, ఆ క్యాన్సర్లలో మళ్ళీ మూడింట రెండు వంతులు హీమాంజియోసార్కోమా, అంటే రక్తనాళాల్లో పుట్టే చెడ్డ క్యాన్సర్. వినడానికి భయంగానే ఉంటుంది. కానీ ఆ లెక్కలో గడ్డ పగిలి, పొట్టలో రక్తం పోతూ, కూలబడిపోయి వచ్చిన కుక్కలు ఎక్కువ. పగలకుండా బయటపడిన గడ్డల్లో మంచివి తేలేవి అంతకంటే ఎక్కువని తర్వాతి అధ్యయనాలు చూపించాయి. గడ్డకట్టిన రక్తపు ముద్ద కావచ్చు, వయసుతో వచ్చే కణాల ముడి కావచ్చు. అలాంటివైతే స్ప్లీన్ తీసెయ్యడమే పూర్తి వైద్యం. స్ప్లీన్ లేకుండా కుక్కలు హాయిగా బతుకుతాయి.

హీమాంజియోసార్కోమా అయితే మాత్రం కాలం తక్కువ. ఆపరేషన్ ఒక్కటే చేస్తే ఎక్కువ కుక్కలు 1 నుంచి 3 నెలలు. డాక్సోరుబిసిన్ అనే మందుతో కీమో కూడా ఇస్తే 4 నుంచి 6 నెలలు. దాటినవి ఉన్నాయి, కానీ కొన్నే. సూది గుచ్చి ముందే తెలుసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. స్ప్లీన్ గడ్డల్లో సూదికి ఎక్కువగా ఉత్త రక్తమే వస్తుంది, కారిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే మీ డాక్టరుగారు తీసి పంపాలన్నారు.

డబ్బు పెట్టేముందు ఒక పరీక్ష గురించి అడగండి: గుండె స్కాన్. ఈ క్యాన్సర్ గుండె కుడి పై గదిలో కూడా కూర్చుంటుంది. అక్కడ కూడా గడ్డ కనిపిస్తే ఆపరేషన్ గురించి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుంది. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఆ స్కాన్ చిన్నదే. నడకలో కూర్చుండిపోవడానికి గుండెగానీ కీళ్ళుగానీ కారణమేమో కూడా అప్పుడే చూసేయొచ్చు.

ఇంకో ప్రశ్న అడగాలి, అడగడం కష్టమే. పొట్ట తెరిచాక లివర్ నిండా, పొట్టలోని పొర నిండా గడ్డలు కనిపిస్తే ఏం చేస్తారు? చాలామంది సర్జన్లు ఆపరేషన్ బల్ల దగ్గర్నుంచి ఫోన్ చేస్తారు, మత్తులో ఉండగానే ఇంజెక్షన్ ఇచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చమంటారా అని. ఆ ఫోన్ వచ్చినప్పుడు ఎవరు ఎత్తాలో, ఏం చెప్పాలో ముందే ఇంట్లో అనుకుని ఉండండి. అప్పుడు బిల్లు ఎంతవుతుందో కూడా ముందే అడగండి.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు గుండె లయ తప్పడం ఈ కుక్కల్లో మామూలే, చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. ఈసీజీ పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. ఎస్టిమేట్‌లో ఆసుపత్రిలో ఉంచే ఖర్చు వేసేది అందుకే, దాన్ని కొట్టేయించి డబ్బు మిగుల్చుకోవద్దు.

మీరు చిగుళ్ళు చూస్తున్నారు, చాలా మంచిది. రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటకూడదు. చిగుళ్ళు పాలిపోయినా, పొట్ట ఉబ్బినా, ఉన్నట్టుండి కూలబడినా అది ఏ వేళైనా సరే అప్పటికప్పుడు తీసుకెళ్ళండి. ఆపరేషన్ దాకా దూకనివ్వొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు. నొప్పిగా ఉందేమోనని మనుషుల మాత్రలు వెయ్యొద్దు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావం పెంచుతాయి.

చివరిగా, డబ్బుతో పాటు రక్తం కూడా అడగండి. కుక్కలకీ రక్తదాతలు ఉంటారు. మామూలుగా 1 నుంచి 8 ఏళ్ళ మధ్య, 25 కిలోలు దాటిన, టీకాలన్నీ అయిన ఆరోగ్యమైన కుక్క కావాలి. దానికి ఎప్పుడూ రక్తం ఎక్కించి ఉండకూడదు. డబ్బివ్వలేని స్నేహితుల ఇంట్లో అలాంటి కుక్క ఉండొచ్చు.

గుండెజబ్బు_గుండుగాడు:

డాక్టరమ్మగారు చెప్పినదానికి నాది చిన్న తోక. మావాడికి గుండె కవాటం జబ్బు, మందులు ఇక జీవితాంతం. మల్లిది ఒకసారి ఖర్చు, ఒక ఆపరేషన్, ఒక లెక్క. అలాంటిదానికి జనాన్ని అడగడం బాగుంటుంది. నెలనెలా మందుల ఖర్చుకి అలా అడగలేం, అందరూ అలసిపోతారు. దానికి మేం ఇంట్లో ఖర్చు తగ్గించుకుని, మా అన్నయ్య ఒక్కడు నెలకింత అని పెట్టుకుంటే నడిపిస్తున్నాం. మల్లికి ఒకవేళ తర్వాత కీమో అంటే అది మళ్ళీ చాలాసార్లు వెళ్ళాల్సిన వైద్యం. ఆ ఖర్చు ఇప్పటి అడుగులో కలపొద్దు. ఇప్పుడు అడుగుతున్నది ఆపరేషన్ దాకానే అని గీత గీసి రాయండి.

తోటలో_సమాధి:

నేను వేరే మాట చెప్పబోతున్నాను, మల్లివాళ్ళమ్మగారూ, కోపం తెచ్చుకోవద్దు. మా ముసలిదానికి కూడా స్ప్లీన్ గడ్డే. 15 ఏళ్ళు, కిడ్నీలు అప్పటికే పోతున్నాయి. మేం ఆపరేషన్ చేయించలేదు. నొప్పి తెలియకుండా మందులిచ్చి, ఉన్నన్నాళ్ళు ఉంచుకుని, బాధ మొదలయ్యే ముందు ఇంజెక్షన్ ఇప్పించి పంపించాం. ప్రేమ తక్కువై అలా చేయలేదు. మీ మల్లి పరిస్థితి మాదానికంటే చాలా మెరుగ్గా ఉంది, కాబట్టి మీరూ అలాగే చెయ్యండని నేను అనడంలేదు.

నా భయం విరాళాల గురించి. డబ్బు చేతికొచ్చాక "వద్దు, ఆపరేషన్ చేయించం" అనడం చాలా కష్టం. ఇచ్చినవాళ్ళందరూ ఆపరేషన్ కోసం ఎదురుచూస్తుంటారు. గుండె స్కాన్‌లో ఏదో కనిపించినా, ఆ వారంలోనే మల్లి తిండి మానేసినా, మీరు వాళ్ళ మొహం చూసి ముందుకెళ్ళిపోతారేమోనని నా బెంగ. నిర్ణయం మీ దగ్గరే ఉండాలి, మల్లిని చూసి ఉండాలి.

అందుకని పోస్టులో ఒక వాక్యం రాసుకోండి: ఆపరేషన్ మల్లికి మంచిది కాదని డాక్టర్లు చెప్తే చేయించం, అప్పుడు డబ్బు ఏమవుతుందో ఇదీ. ఆ వాక్యం చదివేవాళ్ళకంటే మీకే ఎక్కువ అవసరం.

అమెరికాలో అలిస్ విల్లలోబోస్ అనే పశువుల క్యాన్సర్ వైద్యురాలు ఒక కొలత తయారుచేశారు, మాకు చాలా పనికొచ్చింది. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, మంచి రోజులు చెడ్డ రోజులకంటే ఎక్కువున్నాయా లేదా. ఒక్కోదానికి 10 మార్కులు, మొత్తం 35 దాటితే బతుకు బాగానే ఉన్నట్టు లెక్క. ఇంట్లో ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకోండి. ఇప్పుడే ఒకసారి వేసి పెట్టుకుంటే, తర్వాత వేసేటప్పుడు ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది.

మల్లివాళ్ళమ్మ:

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడంలేదు. తోటలో సమాధిగారూ, కోపమెందుకు, ఆ మాట ఎవరూ నాతో అనలేదు. నేనూ మా ఆయనా విడివిడిగా మార్కులు వేశాం. ఆయన వేసినవి నావాటికంటే కొంచెం తక్కువ, నడక దగ్గర తేడా వచ్చింది. రెండూ 50 దాటాయి. ఆకలికి ఇద్దరం 10 వేశాం.

గుండె స్కాన్ కూడా అయింది. గుండెలో గడ్డ లేదు. కవాటం కొంచెం కారుతోందట, ఈ వయసుకి అది పెద్ద విషయం కాదు, మత్తు తట్టుకుంటుంది అన్నారు. ఆపరేషన్‌కి వెళ్దామనే నిర్ణయించుకున్నాం. సర్జన్ ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తుతారు.

రాసింది ఇక్కడ పెడుతున్నాను, చదివి చెప్పండి:

"నమస్కారం. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. లోకంలో ఇంతకంటే పెద్ద కష్టాలున్నాయని తెలుసు. మా మల్లి ముసలిదని కూడా తెలుసు. దానికి స్ప్లీన్ మీద గడ్డ వచ్చింది, ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. అది క్యాన్సరో కాదో తీశాకే తెలుస్తుంది. క్యాన్సర్ కాకపోతే ఈ జబ్బు అక్కడితో నయమైనట్టే. క్యాన్సరైతే కొన్ని నెలలే ఉంటుంది. ఖర్చులో సగం పైన మేం పెట్టుకుంటున్నాం, మిగతాదానికి సాయం చేయగలిగితే చెయ్యండి. చెయ్యలేకపోయినా ఏమీ అనుకోం. క్షమించండి."

ఇచ్చే_చెయ్యి:

నేను ఎప్పుడూ అడగలేదు, కానీ ఇలాంటివి చదివి ఇస్తుంటాను. ఇచ్చేవాళ్ళ వైపు నుంచి చెప్తాను.

ముందు రెండు "క్షమించండి"లూ తీసెయ్యండి. లోకంలో పెద్ద కష్టాలున్నాయన్న వాక్యమూ, ముసలిదని తెలుసన్న వాక్యమూ తీసెయ్యండి. అవి మీ పెద్దమ్మగారికి రాసిన జవాబు, నాకు రాసింది కాదు. నేను మల్లి కోసం చదువుతున్నాను. వాటి చోట ఇక్కడ మీరు మొదట్లో రాసిందే పెట్టండి: చెవుడొచ్చినా నేల అదురుకి లేచి వస్తుందన్నది. అది చదివాక నాకు మల్లి కళ్ళ ముందు కనిపించింది. వయసు మాత్రం అంకెలో రాయండి, 13 ఏళ్ళని. దాచొద్దు, దానికి సంజాయిషీ కూడా వద్దు.

క్యాన్సరైతే కొన్ని నెలలే అని రాశారు చూశారా, అది ఉంచండి. మోసం చేసినట్టవుతుందా అన్న మీ ప్రశ్నకి జవాబు అదే. మోసం ఎప్పుడవుతుందంటే ఆ మాట మీకు తెలిసి నాకు చెప్పకపోతే. చెప్పాక ఇచ్చానంటే, ఆ నెలలకి కూడా కలిపే ఇచ్చాను. నేను ఇచ్చిన కుక్కల్లో కొన్ని ఆపరేషన్ తర్వాత ఎక్కువకాలం లేవు. వాళ్ళు వచ్చి చెప్పినప్పుడు బాధపడ్డాను, ఇచ్చినందుకు మాత్రం ఎప్పుడూ బాధపడలేదు. ఏమైందో చెప్పకుండా మాయమైపోయినవాళ్ళ విషయంలోనే మనసు చివుక్కుమంది. అందుకని ఆపరేషన్ రోజు ఒక ముక్క, డిశ్చార్జ్ అయ్యాక ఒక ముక్క, ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఒక ముక్క రాస్తామని ఇప్పుడే చెప్పండి. చెడు కబురైనా సరే రాయండి. మీకు రాసే ఓపిక లేకపోతే తమ్ముడి చేత రాయించండి.

"మిగతాదానికి" అంటే ఎంత? అంకె వెయ్యండి. మొత్తం ఇంత, మాది ఇంత, కావలసింది ఇంత. అంకె లేకపోతే నా చిన్న మొత్తం ఎక్కడ ఆనుతుందో నాకు తెలియదు. మిగిలితే ఏం చేస్తారో కూడా రాయండి. ఆ ఆసుపత్రిలోనే డబ్బు కట్టలేని ఇంకో కుక్క వైద్యానికి జమ చేస్తామంటే నాకు నచ్చుతుంది. వెనక్కి ఇస్తామన్నా సరే. ఏదో ఒకటి ముందే చెప్పాలి.

డబ్బు కాకుండా అడగగలిగినవి కూడా రాయండి. రక్తం గురించి డాక్టరమ్మగారు చెప్పారు. ఆసుపత్రికి కారులో దింపడం, మల్లి ఇంటికొచ్చాక పగలు ఎవరైనా కాసేపు దాని పక్కన కూర్చోవడం. డబ్బివ్వలేనివాళ్ళు పోస్టు చూసి సిగ్గుపడి తప్పుకుంటారు, వాళ్ళకీ ఒక పని చూపించండి.

పోస్టు కింద ఎవరైనా పుల్లవిరుపు మాట రాస్తే మీరు జవాబివ్వొద్దు. మల్లి దగ్గర ఉండండి. తమ్ముణ్ణి చూసుకోమనండి.

బూడిదమూతి:

పైన చెప్పినవాటితో నాకు పూర్తిగా ఏకీభావమే. ఒక్కటి కలుపుతాను. డబ్బు పంపాల్సిన లింకు ఒక్కచోటే పెట్టి, మిగతా అన్నిచోట్లా అక్కడికే దారి చూపించండి. మీ ఫొటోలు తీసుకుని వేరే ఖాతా నంబరుతో పోస్టులు పెట్టేవాళ్ళుంటారు. "ఈ ఒక్క లింకు తప్ప ఇంకేదీ మాది కాదు" అని పోస్టులోనే రాయండి.

మల్లివాళ్ళమ్మ:

మార్చాను. తమ్ముడు ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే మీరు చెప్పినట్టే ల్యాబ్ ఖర్చు, రక్తం ఖర్చు ఎస్టిమేట్‌లో లేవు. అవి కలిపి కొత్త కాగితం ఇచ్చారు. ఆసుపత్రి ఖాతాలో మల్లి పేరు మీద జమ చేసుకోవడానికి ఒప్పుకున్నారు. మిగిలినది అక్కడే ఇంకో కుక్కకి వాడమని రాసిచ్చాం. ఇప్పుడు పోస్టు ఇలా ఉంది:

"మా మల్లికి 13 ఏళ్ళు. చెవులు వినపడవు. అయినా ఇంట్లోకి ఎవరు వచ్చినా నేల అదురుకి లేచి ఎదురొస్తుంది. దాని స్ప్లీన్ మీద 6 సెంటీమీటర్ల గడ్డ ఉంది, పగిలేలోగా తీసెయ్యాలి. ఊపిరితిత్తుల్లో, గుండెలో గడ్డలేమీ కనిపించలేదు. ఇది క్యాన్సరో కాదో తీశాకే తెలుస్తుంది. క్యాన్సర్ కాకపోతే ఆపరేషన్‌తో నయమైపోతుంది. క్యాన్సరైతే మాకు దక్కేది కొన్ని నెలలే. రెండూ తెలిసే చేయిస్తున్నాం. లోపల బాగా పాకిపోయిందని తేలితే డాక్టర్లు చెప్పినట్టు దాన్ని బాధపెట్టకుండా పంపిస్తాం, అదీ మీకు చెప్తాం. ఖర్చు మొత్తం, మా వాటా, కావలసినది ఎంతో కింద కాగితంలో ఉంది. డబ్బు నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. 25 కిలోలు దాటిన ఆరోగ్యమైన కుక్క మీ ఇంట్లో ఉంటే, రక్తం ఇప్పించడానికి వీలైతే మాకు ఫోన్ చెయ్యండి."

పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి తన వాటా అని కొంత డబ్బు తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళింది.

డాక్టరమ్మగారూ, ఒక్క సందేహం. పై అంతస్తువాళ్ళ కుక్క ఉంది, 4 ఏళ్ళు, 32 కిలోలు. రక్తం ఇప్పిస్తామన్నారు. వాళ్ళకి నేనేం చెప్పాలి?

పశువుల_డాక్టరమ్మ:

ఆపరేషన్ రోజున కాదు, ముందే తీసుకెళ్ళి పరీక్ష చేయించమనండి. కుట్టే పురుగుల ద్వారా వచ్చే రక్తజబ్బులు లేవని చూస్తారు, రక్తం గ్రూపు చూస్తారు. కుక్కల్లో ముఖ్యంగా చూసేది డీఈఏ 1 అనే గ్రూపు. వీలైతే మల్లి రక్తంతో కలిపి సరిపోతుందో లేదో కూడా చూడమనండి. టీకాల పుస్తకం వెంట తీసుకెళ్ళాలి. రక్తం తీసే ముందు కొన్ని గంటలు తిండి పెట్టొద్దంటారు, ఎన్ని గంటలో ఆ ఆసుపత్రివాళ్ళే చెప్తారు. రక్తం మెడ దగ్గర నరం నుంచి తీస్తారు, అక్కడ కొంచెం మేర వెంట్రుకలు గీసేస్తారు. అందుకని ఇంటికెళ్ళేటప్పుడు మెడ పట్టీ కాకుండా ఛాతీకి కట్టే బెల్టు తెచ్చుకోమనండి. ఆ రోజూ మర్నాడూ పరుగులు పెట్టించొద్దు, నీళ్ళు బాగా తాగనివ్వాలి. అంతే, మిగతాది అది చూసుకుంటుంది.